రేకు మోత, ప్లేటు మోత

2001లో విజయవాడ పటమటలోని మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. విడిభాగాలు కొని బిగించి ఇచ్చిన అసెంబుల్డ్ సిస్టమ్, దాంతోపాటు రెండు చిన్న స్పీకర్లు, బల్ల కింద పెట్టుకునే సబ్‌వూఫరు. ఆ వేసవి సెలవులకి బెంగళూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. వస్తూ వస్తూ ఎంపీత్రీలు నింపిన సీడీలు తెచ్చాడు. వాటి మీద నల్ల మార్కరుతో బౌహౌస్, జాయ్ డివిజన్, సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, డెపెష్ మోడ్, నైన్ ఇంచ్ నెయిల్స్, కాబరే వోల్టేర్, ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ అని పేర్లు. "ఇవి గాత్, ఇవి ఇండస్ట్రియల్. నీకు నచ్చితే ఉంచుకో, లేకపోతే మళ్లీ వచ్చినప్పుడు పట్టుకెళ్తా" అన్నాడు అన్నయ్య. గాత్ అంటే చీకటీ దిగులూ నిండిన రాక్, ఇండస్ట్రియల్ అంటే యంత్రాల మోతలతో, లోహపు చప్పుళ్లతో చేసే సంగీతం. మళ్లీ పట్టుకెళ్లలేదు.

ఇప్పుడు నేను వినేదంతా దాదాపుగా ఎలక్ట్రానిక్ సంగీతమే. డ్రమ్ మెషీన్ల తాళం మీద నడిచే టెక్నో, తాళం కన్నా వాతావరణం ముఖ్యమైన యాంబియెంట్, ప్రతిధ్వనిలో ముంచిన డబ్ టెక్నో, పేరు పెట్టడానికి కుదరనివి మరికొన్ని. వీటికి నా చెవి తయారైంది ఆ సీడీలతోనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ సీడీలతోనూ, మా మావయ్య షెడ్డులోనూ. ఆ సంగతి రాసి పెట్టుకోవాలని చాలా రోజులుగా ఉంది.

మా ఇళ్లల్లో పాట గురించి మాట్లాడుకునే పద్ధతి అందరికీ తెలిసిందే. ఎవరు రాశారు, ఎవరు పాడారు, పల్లవి బాగుందా, రెండో చరణంలో ఆ మాట ఎంత బాగా పడింది. ఆ సంస్కారం గొప్పది, నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఒక శబ్దం ఎంత బరువుగా ఉంది, ఎంత గరుకుగా ఉంది, ఎంత దూరం నుంచి వస్తోంది అనే లెక్కన ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆ లెక్క నాకు బౌహౌస్‌తో మొదలైంది. నార్తాంప్టన్ కుర్రాళ్లు నలుగురు 1979లో విడుదల చేసిన 'బేలా లుగోసీస్ డెడ్' తొమ్మిది నిమిషాలు దాటుతుంది. గొంతు వినపడేసరికే రెండు నిమిషాలు దాటిపోతాయి. అప్పటిదాకా టకటకలాడే డ్రమ్ము, గిటారు తీగల మీద గీకుడు, నెమ్మదిగా కిందికి దిగే బేస్, వాటన్నిటి చుట్టూ ఎకో. ఆ ఎకో వాళ్లు జమైకా డబ్ రికార్డుల నుంచి తెచ్చుకున్నది. పాటలోంచి గొంతునీ వాయిద్యాలనీ ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలినదాన్ని ప్రతిధ్వనిలో ముంచి, మిక్సింగ్ బల్లనే వాయిద్యంగా వాడే కళ డబ్. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఒకటే, పాట మొదలవడానికి ముందున్న ఆ రెండు నిమిషాల కోసమే నేను దాన్ని మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నాను.

జాయ్ డివిజన్ ఇంకా లోతుకి తీసుకెళ్లింది. 1979 నాటి 'అన్‌నోన్ ప్లెజర్స్' ఆల్బమ్‌ని స్టాక్‌పోర్టులోని స్ట్రాబెరీ స్టూడియోలో మార్టిన్ హానెట్ రికార్డు చేశాడు. డ్రమ్ముల్లో ఒక్కో దాన్నీ విడివిడిగా వాయించమనేవాడు, ఒకదాని మోత ఇంకోదాని మైకులోకి పోకుండా. ఆ తర్వాత ఒక్కో దెబ్బనీ డిజిటల్ డిలే యంత్రంలోంచి పంపేవాడు. లిఫ్టు మోతని కూడా రికార్డులోకి తీసుకున్నాడు. అందుకే ఆ డ్రమ్ము మనిషి కొడుతున్నట్టుండదు, ఖాళీ భవనంలో ఎక్కడో పై అంతస్తు నుంచి వస్తున్నట్టుంటుంది. పీటర్ హుక్ బేస్ పైస్థాయిలో పాడుతుంటే గిటారు కింద అరుస్తుంటుంది, అంటే వాయిద్యాల వరసే తలకిందులైంది.

అమ్మకి ఈ పాటలు బొత్తిగా పడేవి కావు. "దీపం పెట్టే వేళ ఆ ఏడుపు పాటలేంటి నాన్నా, ఆపు" అనేది. ఆపేసేవాణ్ణి. ఆ గంట గడిచాక హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. ఆవిడ మాటలో నిజం ఉంది, అవి చీకటి పాటలే. అయితే విషాదం మనకి కొత్తదా? మందు గ్లాసు పట్టుకుని కథానాయకుడు పాడిన పాటలు మూడు తరాల వాళ్లకి నోటికొచ్చు. మన విషాదగీతంలో బాధ మాటలో ఉంటుంది, గాయకుడి గొంతు జీరలో ఉంటుంది. జాయ్ డివిజన్ పాటలో బాధ గదిలో ఉంటుంది. రెండు దెబ్బల మధ్య వదిలిన చోటులో ఉంటుంది. ఆ చోటుని వినడం అలవాటైన చెవికి, తర్వాత బెర్లిన్‌లో 1993లో మొదలైన బేసిక్ ఛానెల్ అనే టెక్నో లేబుల్ రికార్డులు వినిపిస్తే పరాయిగా అనిపించదు. ఒకే ఒక్క తీగమీటు పది నిమిషాలపాటు పొగలో తేలుతూ ఉంటుంది, కింద కిక్ డ్రమ్ము గుండెదెబ్బలా కొట్టుకుంటూ ఉంటుంది. జమైకా డబ్ నుంచి వచ్చిన రెండు కొమ్మలవి, ఒకటి గాత్ వైపు పోయింది, ఇంకోటి టెక్నో వైపు పోయింది. నేను మొదటి కొమ్మ మీదుగా రెండోదానికి చేరాను.

జాయ్ డివిజన్ గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మేలో ప్రాణం తీసుకున్నాక మిగిలిన ముగ్గురూ ఇంకొకరిని కలుపుకుని న్యూ ఆర్డర్ అయ్యారు. 1983లో 'బ్లూ మండే' వచ్చింది. ఒబర్‌హైమ్ డీఎమ్‌ఎక్స్ డ్రమ్ మెషీను మీద ఆ కిక్ దడదడా పడటం మొదలవగానే, మూడేళ్ల ముందటి దుఃఖమూ డాన్సుఫ్లోరూ ఒకే చోట నిలబడతాయి. అన్నయ్య సీడీలో ఇవి రెండూ పక్కపక్కనే ఉండేవి. ఆ వరసలో వినడం నా అదృష్టం. డాన్సు సంగీతం అంటే సంబరమే అనే అభిప్రాయం నాకు ఎప్పుడూ కలగలేదు, దాని వెనక ఏముందో ముందే విన్నాను కాబట్టి.

డ్రమ్ మెషీన్ల మాట వచ్చింది కాబట్టి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ. లీడ్స్ నుంచి 1980లో మొదలైన ఈ బృందానికి తొలి రోజులు దాటాక మనిషి డ్రమ్మరు లేడు. వాళ్ల డ్రమ్ మెషీనుకి డాక్టర్ అవలాంష్ అని పేరు పెట్టి బృందంలో ఒక సభ్యుడిగానే ప్రకటించుకున్నారు. మెషీన్లు మారాయి, పేరు మారలేదు. అలసిపోని, తడబడని, ఉత్సాహం వచ్చినా వేగం పెంచని ఆ తాళం మీద ఆండ్రూ ఎల్‌డ్రిచ్ గొంతు ఎంత లోతుగా దిగినా నేల కదలదు. "మెషీను కొట్టేది కూడా వాయించడమేనా" అని వాదించే స్నేహితులు నాకు ఇంజినీరింగులో చాలామంది ఉండేవాళ్లు. నాకు ఆ ప్రశ్నే తట్టేది కాదు. ఆ నిలకడని ఎల్‌డ్రిచ్ దగ్గర ప్రేమించినవాడికి, డెట్రాయిట్ టెక్నోలో అదే నిలకడ ఇంటికొచ్చిన చుట్టం.

ఇక అసలు సంగతికొస్తాను. ఆటోనగర్.

పటమటలో పెరిగినవాళ్లకి ఆటోనగర్ పక్కవీధి కింద లెక్క. లారీ ఛాసిస్ వస్తుంది, దాని మీద బాడీ కట్టి పంపిస్తారు. టింకరింగ్ షెడ్లు, లేత్ షాపులు, కమాను కట్టలు సరిచేసేవాళ్లు, రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్లు, పెయింటింగ్ షెడ్లు, టైర్ల దుకాణాలు, పాత ఇనుము కొట్లు వరసగా ఉంటాయి. పొద్దున ఎనిమిదిన్నరకి మొదలైన మోత మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కసారిగా తగ్గి, మళ్లీ మొదలై దీపాలు పెట్టేదాకా సాగేది. మా మేనమామకి అక్కడ బాడీ బిల్డింగ్ షెడ్డు ఉండేది. సెలవుల్లో నన్ను అక్కడికి పంపేవాళ్లు, "ఊరికే కూర్చుంటే ఏం లాభం, బిల్లులైనా రాసిపెట్టు" అని. బిల్లులు రాస్తూ విన్నాను. సమ్మెట దెబ్బ, చిన్న సుత్తి దెబ్బ, గ్రైండరు అరుపు, వెల్డింగ్ చిటపట, రేకు వంచేటప్పుడు అది పెట్టే మూలుగు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి కమాను మీద సమ్మెటలు మార్చి మార్చి వేస్తుంటే, వాళ్లకే తెలియకుండా ఒక తాళం కుదిరేది. మూడో షెడ్డులో ఇంకో తాళం. రెండూ కాసేపు కలిసి నడిచి మళ్లీ విడిపోయేవి.

ఒకరోజు నాయ్‌బౌటెన్ ట్రాక్ ఒకటి క్యాసెట్‌కి ఎక్కించుకుని షెడ్డులో టేప్‌రికార్డరులో పెట్టాను. పశ్చిమ బెర్లిన్‌లో 1980లో మొదలైన బృందం. వాయిద్యాలు కొనే డబ్బుల్లేక ఇనుప ముక్కలు, డ్రిల్లింగ్ మెషీన్లు, స్ప్రింగులు, చెత్తలో దొరికిన రేకులు వాయించారు. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్న మావయ్య ఆగి విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అది రేకు కాదు అల్లుడూ, ప్లేటు. మందంగా ఉంది. రేకైతే దడదడమని ఊరుకుంటుంది, అంతసేపు మోగదు" అన్నాడు. కాసేపాగి, "దాన్ని వేలాడదీసి కొడుతున్నారు. నేల మీద పెట్టి కొడితే ఆ మోత రాదు" అన్నాడు.

మావయ్య ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు. పశ్చిమ బెర్లిన్ పేరు విని ఉండడు. కానీ నేను ఆ తర్వాత చదివిన సంగీత విమర్శ అంతట్లోనూ ఆ పాట గురించి అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ఆయన రోజంతా చేసే పనే అది. లేత్ మోత వినే బేరింగ్ అరిగిందంటాడు, వెల్డింగ్ చేసిన చోట సుత్తితో ఒక్క తట్టు తట్టి లోపల గాలి బుడగ ఉందంటాడు. వస్తువేమిటో, ఎంత మందమో, దేనికి ఆనుకుని ఉందో మోతని బట్టి చెప్పే చెవి అది. ఇండస్ట్రియల్ సంగీతం అడిగేది అలాంటి చెవినే. అదే చెవి ఎలక్ట్రానిక్ సంగీతానికీ కావాలి. టెక్నోలో కథ నడిచేది స్వరాల్లో తక్కువ, మోత స్వభావంలో ఎక్కువ. అదే బేస్ నోటు, అదే తాళం, ఫిల్టరు మాత్రం నాలుగు నిమిషాలపాటు నెమ్మదిగా తెరుచుకుంటుంది. మొద్దుగా ఉన్న శబ్దం అంచులు దేరి లోహంగా మారుతుంది. మోత వినడం రానివాళ్లకి అక్కడ ఏమీ జరగడం లేదు. మావయ్యకైతే బోలెడు జరుగుతోంది.

షెఫీల్డ్ గురించి తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఉక్కు పరిశ్రమల ఊరు అది. ఫోర్జింగ్ సుత్తుల దెబ్బలు రాత్రిళ్లు ఊరంతా వినపడేవని అక్కడి సంగీతకారులు చెప్పుకుంటారు. ఆ ఊళ్లో 1973లో కాబరే వోల్టేర్ మొదలైంది. టేపు ముక్కలు అతికించి, రేడియో మాటలు కలిపి, గొంతుని గుర్తుపట్టలేనంతగా వంచి పాటలు చేశారు. అదే ఊళ్లో 1989లో వార్ప్ రికార్డ్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత లేబుల్ పుట్టింది. వార్ప్ తొలి విడుదలల్లో ఒకటి 1990లో స్వీట్ ఎక్సార్సిస్ట్ చేసిన 'టెస్ట్‌వన్'. స్వీట్ ఎక్సార్సిస్ట్‌లో సగం ఎవరనుకున్నారు? కాబరే వోల్టేర్ రిచర్డ్ హెచ్. కిర్క్. ఇండస్ట్రియల్ తొలి తరం మనిషే పదిహేడేళ్ల తర్వాత బ్రిటిష్ టెక్నో పునాదిలో ఇటుక పెట్టాడు. నేను ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారానని అనుకునే స్నేహితులకి ఈ ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆ దారిలో మొదటి నుంచీ ఆ మనుషులే నడుస్తున్నారు.

ఇంకా ఉన్నాయి. డెట్రాయిట్ టెక్నోలో ఎంతో గౌరవం ఉన్న జెఫ్ మిల్స్, అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందానికి ముందు ఫైనల్ కట్ అనే ఇండస్ట్రియల్ బృందంలో ఉన్నాడు. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్లు ఎక్స్-101 పేరుతో చేసిన రికార్డే 1991లో బెర్లిన్‌లోని ట్రెజర్ లేబుల్ మొదటి విడుదల. ట్రెజర్ క్లబ్బు అప్పట్లో పాత డిపార్ట్‌మెంటు స్టోరు భూగర్భ ఖజానాలో నడిచేది, తుప్పు పట్టిన లాకర్లు గోడల నిండా అలాగే ఉండేవి. అమెరికాలో ఇంగ్లండు ఎలక్ట్రానిక్ జంట ఆటెకర్ 'ట్రై రెపెటే'ని విడుదల చేసింది వ్యాక్స్ ట్రాక్స్, ఇండస్ట్రియల్ రికార్డులకి పేరుపడ్డ షికాగో లేబుల్. ఇంకో ఇంగ్లండు ఎలక్ట్రానిక్ సంగీతకారుడు స్క్వేర్‌పుషర్‌ని అక్కడ అమ్మింది నథింగ్, అది నైన్ ఇంచ్ నెయిల్స్ ట్రెంట్ రెజ్నర్ లేబుల్. అదే రెజ్నర్ 1995లో తన పాటల రీమిక్స్ ఆల్బమ్‌లో ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్‌కి చోటిచ్చాడు. నాకు ఏఫెక్స్ ట్విన్ పేరు తెలిసింది ఆ ఆల్బమ్ వల్లే. బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో గంటకి ఇంత అని కట్టి, ఆ పేరు వెతికి, ఒక్కో పాటా దిగేదాకా కుర్చీలో కూర్చున్న సాయంత్రాలు ఇప్పటికీ గుర్తున్నాయి. సగంలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చేది. వచ్చిన పాటని ఫ్లాపీల్లోకి ముక్కలుగా కోసి ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి.

డెపెష్ మోడ్ గురించి కొంచెం. 1983లో వాళ్లు లండన్ వీధుల్లో పడి పాత కట్టడాల దగ్గరా పనులు జరిగే చోటా రేకులూ గొట్టాలూ కొట్టి రికార్డు చేసుకుని, వాటిని సాంప్లరులోకి, అంటే రికార్డు చేసిన శబ్దాన్ని వాయిద్యంలా వాయించే యంత్రంలోకి, ఎక్కించి పాప్ పాటలు చేశారు. ఇండస్ట్రియల్ మోతని రేడియోలో వచ్చే బాణీకి పెళ్లి చేసింది వాళ్లే అని నా అభిప్రాయం. బాణీల ఇంట్లో పుట్టిన నాకు నాయ్‌బౌటెన్ దాకా వెళ్లే ధైర్యం ఇచ్చింది వాళ్లే. ఎవరికైనా మొదట వినిపించాల్సి వస్తే ఇప్పటికీ వాళ్లనే వినిపిస్తాను.

ఉద్యోగం హైదరాబాద్‌లో. ప్రతి పండక్కీ రాత్రి బస్సు. సూర్యాపేట దగ్గర ఆగినప్పుడు అందరూ టీకి దిగేవాళ్లు, నేను హెడ్‌ఫోన్లు తీసేవాణ్ణి కాదు. ఆ రోజుల్లోనే లండన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు బరియల్ చేసిన 'అన్‌ట్రూ' దొరికింది, 2007 ఆల్బమ్. వాన చప్పుడు, పాత రికార్డు మీద సూది చిటపటలు, సాగదీసిన ఎవరివో గొంతు ముక్కలు, తడబడుతున్నట్టుండే తాళం. మొదటి పాట అయ్యేసరికి నాకు అది కొత్త సంగీతం అనిపించనే లేదు. హానెట్ ఖాళీ భవనం ఇక్కడ వాన కురిసే ఊరైంది. గొంతులో మాట అర్థం కాకపోయినా దిగులు అర్థమవుతుంది. గాత్ విని పెరిగినవాళ్లు నాకు తెలిసి చాలామంది బరియల్ దగ్గర ఇట్టే ఆగిపోయారు.

అన్నీ అలాగే నిలిచాయని చెప్పను. బెల్జియం ఫ్రంట్ 242, ఇంగ్లండు నిట్జర్ ఎబ్‌ల సీక్వెన్సరు బేస్ ఇవాళ్టికీ ఏ క్లబ్బులోనైనా నిలబడుతుంది, ఆ బిగువు ఎవరికీ రాలేదు. ఆ రంగంలో చాలామంది వేసుకున్న సైనిక దుస్తులూ కవాతు భంగిమలూ మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. గాత్‌లో కొన్ని బృందాలు దిగులుని అలంకారంగా వేసుకున్నాయి, అవి ఇప్పుడు వినబుద్ధి కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ అరుపులు ఇరవై ఏళ్ల వయసుకి సరిపోయాయి. అదే రెజ్నర్ 2008లో మాటలు లేకుండా ముప్పై ఆరు ముక్కలుగా ఇచ్చిన 'గోస్ట్స్' మాత్రం నెలకోసారైనా వింటాను. అట్టికస్ రాస్‌తో కలిసి సినిమా నేపథ్య సంగీతానికి ఆస్కార్ తెచ్చుకున్న దారి ఆ ఆల్బమ్‌లోంచే పోయింది. పెద్ద మైదానాల్లో వాయించే ఈడీఎమ్, అంటే ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్, నాకు ఎక్కకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్కడ శబ్దం పెరిగి పెరిగి, ఒక్క క్షణం ఆగి, మీద పడుతుంది. ఆ పడే క్షణం కోసమే మిగతా అంతా. నేను అలవాటు పడింది ఆ మిగతా అంతటికీ.

చాలా ఆలస్యంగా నా దగ్గరికొచ్చింది మన దేశపు రికార్డు. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీను, టీబీ-303 బేస్ యంత్రం, జూపిటర్-8 సింథసైజరు పెట్టుకుని పది రాగాలు డిస్కో తాళానికి వాయించాడు. షికాగోలో అదే టీబీ-303 మోత మీద నడిచే యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం మొదలవడానికి ఐదేళ్ల ముందు మాట. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. నేను దాన్ని మొదట విన్నది పటమట ఇంట్లో, హాల్లో. నాన్న పేపరు చదువుతున్నారు. ఆయనకి రేడియో భక్తిరంజనితో తెల్లవారిన చెవి. భూపాలీ మొదలై, 303 బేస్ కింద గిరగిర తిరుగుతుంటే, పేపరు దించకుండానే "మోహనం కదరా ఇది" అన్నారు. అవునన్నాను. "తాళం మారడం లేదేంటి?" అని అడిగారు. మారదు నాన్నా, మారకపోవడమే దాని పద్ధతి అని చెప్పాను. "సరే, హిందోళం ఉందేమో చూడు" అన్నారు. ఉంది, మాల్‌కౌంస్ పేరుతో. ఇద్దరం కూర్చుని మొత్తం రికార్డు విన్నాం.

మా మేనకోడలు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, టెక్నో అంటే ఇష్టం, వెనక్కి వెళ్లి వినాలని ఉందంటోంది. తనకి వరస రాసిచ్చాను. ముందు డెపెష్ మోడ్ 'బ్లాక్ సెలబ్రేషన్', తర్వాత జాయ్ డివిజన్ 'క్లోజర్', దాని వెంటనే 'బ్లూ మండే'. ఇంగ్లండు ఇండస్ట్రియల్ బృందం థ్రాబింగ్ గ్రిసిల్‌లో మొదట '20 జాజ్ ఫంక్ గ్రేట్స్' చాలు, అందులో 'హాట్ ఆన్ ది హీల్స్ ఆఫ్ లవ్' 1979లో చేసిందని చెప్పకుండా వినిపిస్తే ఎవరూ నమ్మరు. కాబరే వోల్టేర్, ఆ వెంటనే 'టెస్ట్‌వన్'. నాయ్‌బౌటెన్ మాత్రం ఫోన్ స్పీకరులో వద్దు. ప్లేటు వేలాడుతోందో నేల మీద ఉందో అందులో తెలీదు, మంచి హెడ్‌ఫోన్లు నేనే కొనిస్తానన్నాను.